ఆఖరి ప్రూఫు

ఈ రోజుల్లో ఒక తెలుగు పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు రచయిత చేసే చివరి పని, చాలా సందర్భాల్లో, సెల్‌ఫోన్‌లో ‘ఓకే’ అని ఒక జవాబు పంపడమే. డీటీపీ సెంటరు నుంచి పీడీఎఫ్ వస్తుంది. రచయిత బస్సులోనో, ఆఫీసులో టీ విరామంలోనో దాన్ని తెరిచి, బొటనవేలితో పేజీలను పైకి తోసుకుంటూ, ముఖచిత్రం దగ్గర కాసేపు ఆగి, తన పేరు, అంకితం సరిగా ఉన్నాయో లేదో చూసుకుని ఆ జవాబు పంపుతారు. ఆ తరువాత ప్లేట్లు తయారవుతాయి, కాగితం యంత్రమెక్కుతుంది, ఇక ఏ అక్షరమూ కదలదు. రెండేళ్లో మూడేళ్లో రాసి, పదిసార్లు తిరగరాసుకున్న పుస్తకానికి ఇంత తేలికైన వీడ్కోలా అన్నది ఒక సందేహం. దానికంటే పెద్ద సందేహం, ఆ ఒక్క మాటతో రచయిత వేటిని ఒప్పుకున్నట్టు అన్నది. అక్షరదోషాలు లేవని ఒప్పుకున్నారా, రంగులు ఇలాగే వస్తాయని ఒప్పుకున్నారా, కాగితం మందాన్నీ కుట్టునూ ఒప్పుకున్నారా? వీటిలో చాలావాటిని అరచేతిలో పట్టే తెర చూపించనే చూపించదు. అయినా ప్రెస్సు లెక్కలో అన్నిటికీ ఆమోదం అందినట్టే.

సీసపు అక్షరాల కాలంలో ఆమోదం ఇంత ఒంటరిది కాదు. కంపోజిటర్ రాతప్రతిని చదవకుండా ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే ప్రతి అక్షరాన్నీ చెక్క కేసులోని గళ్లలోంచి ఏరి, స్టిక్కు అనే చేతిపట్టు చట్రంలో తలకిందులుగా పేర్చాలి, పైగా సీసపు ముక్క మీద అక్షరం ఎడమకుడిగా తిరగబడి ఉంటుంది. గుణింతాలూ వత్తులూ కలిసి తెలుగుకు వందలకొద్దీ టైపు ముక్కలు కావాలి గనుక, చేతికి ఏ గడిలో ఏముందో తెలిసినంత మాత్రాన సరిపోదు, కంటికి మాట కూడా తెలియాలి. పేర్చిన వరుసలను పేజీలుగా విడగొట్టకముందు తీసే నమూనాను గాలీ ప్రూఫు అనేవారు. దాన్ని ప్రెస్సులో ప్రూఫు చూసే మనిషి ఒకసారి, రచయిత ఒకసారి చదివేవారు, ఆ తరువాత పేజీ ప్రూఫు వచ్చేది. చిన్న ప్రెస్సులలో పుస్తకం మొత్తానికీ సరిపడేంత టైపు ఉండేది కాదు కాబట్టి కొన్ని పేజీలు కంపోజు చేసి, అచ్చు వేసి, ఆ టైపును విడదీసి మళ్లీ గళ్లలో సర్దితేగాని తరువాతి పేజీలు మొదలయ్యేవి కావు. పాత తెలుగు పుస్తకాల్లో తప్పొప్పుల పట్టిక అంత తరచుగా కనిపించడానికి ఒక కారణం ఇదే: పన్నెండో పేజీలోని పొరపాటు కంటబడేసరికి ఆ పేజీ అచ్చయిపోయి ఉండేది, దాని టైపు మరో పేజీలో మరో మాటగా మారిపోయి ఉండేది. నేడు పుస్తకమంతా చివరి నిమిషం దాకా దిద్దుబాటుకు అందుబాటులో ఉంటుంది, తప్పొప్పుల పట్టిక దాదాపు కనుమరుగైంది; తప్పులు కూడా దానితోపాటే పోయాయా అంటే, ఏ కొత్త పుస్తకాన్నైనా తెరిచి పది పేజీలు చదివినవారికి ఆ భ్రమ ఉండదు. దిద్దుకునే అవకాశం ఎంత పెరిగితే చదివే శ్రద్ధ అంత తగ్గుతుందా? అలాగని నియమం చేయలేం గాని, కాదని కొట్టిపారేయడమూ కష్టమే.

ప్రెస్సుకు ఆర్డరు ఇవ్వడమంటే రచయితకు మొట్టమొదట ఎదురయ్యేది లెక్క. తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే వన్‌బైఎయిట్ డెమ్మీ సైజు, పద్దెనిమిది అంగుళాలకు ఇరవైమూడు అంగుళాలుండే డెమ్మీ కాగితాన్ని మూడుసార్లు మడిచి అంచులు కోయగా మిగిలే పరిమాణం, అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. ఆ ఒక్క కాగితంలో ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు ఉంటాయి. దాన్నే ప్రెస్సువాళ్లు ఫారం అంటారు. మడవకముందు ఆ పదహారు పేజీలు వరుసగా ఉండవు, ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది, కొన్ని తలకిందులుగా ఉంటాయి, మడిచినప్పుడే అవి క్రమంలోకి వస్తాయి. నూట అరవై పేజీల పుస్తకమంటే పది ఫారాలు. వెయ్యి ప్రతులకు ఫారానికి వెయ్యి డెమ్మీ కాగితాలు, ఐదువందల కాగితాలు ఒక రీము కాబట్టి ఫారానికి రెండు రీములు, పుస్తకానికి ఇరవై రీములు, అదికాక యంత్రం సర్దుకునేలోగా పాడయ్యే కాగితం. ఈ లెక్క తెలియని రచయిత ఆఖరి దశలో మిత్రుడి అభిప్రాయమంటూ ఇంకో రెండు పేజీలు కలపమంటే, ఆ రెండు పేజీల కోసం కొత్తగా ఒక ముక్క ఫారం పుట్టుకొస్తుంది, దానికి వేరే ప్లేటు, వేరే ముద్రణ, వేరే మడత అవసరమవుతాయి. ఎన్నో పుస్తకాల చివర కారణం తెలియకుండా కనిపించే ఖాళీ పేజీలకూ, ‘ఈ రచయిత ఇతర రచనలు’ అనే విశాలమైన జాబితాలకూ మూలం ఫారం లెక్కే అంటే సాహిత్య విమర్శకులు నొచ్చుకోవచ్చు గాని, ప్రెస్సు తెలిసినవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

ఎన్ని ప్రతులు అన్న ప్రశ్న ఇంకా ఇరకాటమైనది. ఆఫ్‌సెట్ పద్ధతిలో, అంటే అల్యూమినియం ప్లేటు మీది బొమ్మ రబ్బరు దుప్పటికి, అక్కడి నుంచి కాగితానికి మారే పద్ధతిలో, ప్లేట్ల ఖర్చు వంద ప్రతులకైనా వెయ్యి ప్రతులకైనా ఒకటే, కాబట్టి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో ప్రతి ధర తగ్గుతుంది. ప్లేట్లే అవసరం లేని డిజిటల్ ముద్రణలో యాభై ప్రతులూ వేయించుకోవచ్చు, కాని ప్రతి ధర పెద్దగా తగ్గదు. ఐదువందలా, వెయ్యా అని తేల్చుకోలేక సతమతమయ్యే కవి నిజానికి తేల్చుకోలేకపోతున్నది తనకు పాఠకులు ఎందరున్నారన్న సంగతినే. మంచం కింద కట్టలు కట్టి ఉన్న మిగులు ప్రతులు తెలుగు సాహిత్యలోకంలో చాలా ఇళ్లకు పరిచయమైన వస్తువులే. కొటేషన్లు పోల్చి తక్కువ ధరకు మొగ్గేవారు కాగితం బరువు రాసి ఉందో లేదో చూడరు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో దాన్నే జీఎస్‌ఎం అంటారు. డెబ్బై జీఎస్‌ఎం మ్యాప్‌లిథో అని రాసి ఉన్న ధరనూ, ఉత్త ‘మంచి పేపరు’ అని రాసి ఉన్న ధరనూ పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థం లేదు. ఆ డెబ్బై జీఎస్‌ఎం కాగితంతో నూట అరవై పేజీల పుస్తకం వెన్ను సుమారు ఏడు మిల్లీమీటర్లు వస్తుంది. కాగితం మారితే వెన్ను మారుతుంది, వెన్ను మారితే ముఖచిత్రం కొలత మారుతుంది, అప్పుడు వెన్ను మీది పేరు అట్ట మీదికో వెనక్కో ఒరిగిపోతుంది. ఖాళీ కాగితాలతోనే అదే మందానికి కట్టి చూపించే నమూనాను డమ్మీ అంటారు. అడిగితే చాలా ప్రెస్సులు చేసిస్తాయి, అడిగేవారే తక్కువ.

ఇక ఫైలు విషయం. తెర మీది బొమ్మ వెలుగుతో తయారవుతుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిసి; కాగితం మీది బొమ్మ సిరాతో తయారవుతుంది, సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబి, పసుపు, నలుపు సిరాలతో. వెలుగులు కలిసేకొద్దీ తెల్లబడతాయి, సిరాలు కలిసేకొద్దీ నల్లబడతాయి, కాబట్టి ఈ రెండు లోకాల సరిహద్దులు ఒకటి కావడం అసాధ్యం. తెర మీద కళ్లు మిరుమిట్లు గొలిపే చిలకపచ్చ, నిమ్మపచ్చ, విద్యుత్తు నీలం వంటివి నాలుగు సిరాల్లో ఏ పాళ్లలో కలిపినా దొరకవు. శుభలేఖ అచ్చయి వచ్చాక ‘ఫోన్లో చూసినప్పుడు ఇంత డల్‌గా లేదే’ అని పెళ్లివారు వాపోవడం వెనక మోసం ఉండనక్కర్లేదు, ఈ భౌతిక నియమం ఒక్కటే చాలు. ముఖచిత్రంలోని చీకటి భాగాల్లో నాలుగు సిరాల శాతాలను కూడితే నునుపైన ఆర్ట్ పేపరు మీద మూడువందల శాతం దాటకుండా చూసుకోవాలని ప్రెస్సువాళ్లు చెబుతారు. దాటితే సిరా సకాలంలో ఆరదు, పైన పడే కాగితం వీపుకు అంటుకుంటుంది. బొమ్మలో ఉండాల్సిన చుక్కల సాంద్రత కూడా ఇలాంటి లెక్కే. అంగుళానికి మూడువందల చుక్కల చొప్పున నాలుగు అంగుళాల వెడల్పు ఫొటోకు పన్నెండువందల చుక్కలు కావాలి, కాని వెనక అట్ట మీదికి వచ్చే రచయిత ఫొటో తరచుగా చేతులు మారి మారి, వాట్సాప్‌లో నలిగి, అందులో సగం కూడా మిగలని స్థితిలో చేరుతుంది. తన రచన గురించి అంత పట్టింపుగా ఉండే మనిషి తన ముఖం విషయంలో ఇంత ఉదాసీనంగా ఎలా ఉంటారన్నది వేరే ఆలోచన.

నలుపు దగ్గర మాత్రం కాస్త నిలవాలి, ఎందుకంటే తెలుగు అక్షరానికి నలుపుతో ఉన్న ఇబ్బంది ప్రత్యేకమైనది. ఇంట్లో కంప్యూటరు మీద మామూలు రాత సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసిన అక్షరాల నలుపు తెర నలుపే. దాన్ని అజాగ్రత్తగా నాలుగు సిరాల ఫైలుగా మారిస్తే ఆ నలుపు నాలుగు సిరాల మిశ్రమంగా విడిపోతుంది. అప్పుడు ప్రతి అక్షరాన్నీ నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడి అచ్చు వేయాలి. వేగంగా తిరిగే యంత్రం మీద, తేమకు సాగే కాగితం మీద ఆ తేడా వస్తూనే ఉంటుంది. పెద్ద బొమ్మలో అది తెలియదు. పదకొండు పాయింట్ల తెలుగు అక్షరంలో, తలకట్టు సన్నని కొనలోనూ, సున్నా కడుపులోనూ, కింద వేలాడే రవత్తులోనూ అది ఎర్రటి నీడగా, నీలి అంచుగా బయటపడి చదివే కంటిని అలసట పెడుతుంది. పాఠ్యమంతా నూటికి నూరు శాతం ఒక్క నల్ల సిరాతోనే ఉండాలని ప్రెస్సువాళ్లు పట్టుబట్టేది ఇందుకే. విశాలమైన నల్లని అట్టకు సంగతి తిరగబడుతుంది, అక్కడ నల్ల సిరా ఒక్కటే వేస్తే వెలిసిన బూడిద రంగులా కనిపిస్తుంది, మిగిలిన సిరాలు కొంత తోడు కావాలి. తెల్ల అక్షరాల విషయంలో ఇంకో చిత్రముంది: ఓవర్‌ప్రింట్ అనే గుర్తు పొరపాటున పడి ఉంటే, అంటే కింది రంగును తొలగించకుండా దాని మీదే అచ్చు వేయమన్న సూచన ఉంటే, తెలుపుకు సిరా లేదు గనుక ఆ అక్షరాలు తెర మీద చక్కగా కనబడి ప్లేటు మీద మాయమైపోతాయి. అంచుల దాకా రంగు పాకిన ముఖచిత్రానికి కోత గీతకు ఆవల కనీసం మూడు మిల్లీమీటర్లు బ్లీడ్, అంటే కోసేయడానికని వదిలే అదనపు రంగు, ఉండకపోతే కటింగ్ మెషీన్ కత్తి అరమిల్లీమీటరు పక్కకు పడినా తెల్లటి గీత మిగులుతుంది. కోసి పారేయడానికే కొంత బొమ్మ గీయాలన్న ఈ నియమం కొత్త చిత్రకారులకు మొదట్లో మింగుడుపడదు.

అక్షరరూపాల కథ ఇంతకంటే చిక్కైనది. 1990లలో తెలుగు డీటీపీ పేజ్‌మేకర్ మీదా, అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మీదా పెరిగింది. లేజర్ ప్రింటర్‌తో పారదర్శకమైన ట్రేసింగ్ కాగితం మీద పేజీలు తీసి, వాటి నుంచి ప్లేట్లు చేసేవారు. ఆ ఫాంట్లలో కంప్యూటరు దృష్టికి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, వాటి బొమ్మలు మాత్రం తెలుగు ముక్కలు. ఫాంటును ఫైలులో పొదగకుండా ప్రెస్సుకు పంపితే నవలంతా అర్థంలేని గుర్తుల గుంపుగా మారుతుంది. అంతలా మారితే మంచిదే, ఎవరికైనా కనిపిస్తుంది. ఫాంటు వెర్షన్ తేడాతో ఒకే ఒక్క వత్తు జారిపోతే ఎవరికీ కనిపించదు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, అచ్చు పనికి వాడే సాఫ్ట్‌వేర్లు దాన్ని అందుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇన్‌డిజైన్ తెలుగు వత్తులను సరిగ్గా కూర్చడం 2012లో వచ్చిన సీఎస్6తోగాని స్థిరపడలేదు, అప్పటికి అనేక డీటీపీ సెంటర్లు పాత దారికే అలవాటుపడి ఉన్నాయి. అందువల్ల నేటికీ ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసిన కథ పాత ఫాంటులోకి మారి, అక్కడి నుంచి పీడీఎఫ్‌లోకి వెళ్లే దారిలో ఏదో ఒకటి పోగొట్టుకుంటుంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో ‘ట్’ను ‘వే’తో అతుక్కోకుండా ఆపే, కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, మార్పిడిలో అది రాలిపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. కనిపించని అక్షరం పోయిందని ఎవరు గమనించాలి? రచయిత తన రాతప్రతిలో సరిగానే రాశారు, ఆపరేటరు తన తెర మీద వచ్చినదాన్ని ఉంచారు, యంత్రం ఇచ్చినదాన్ని అచ్చు వేసింది, ఎవరి లెక్క ప్రకారం చూసినా ఎవరూ తప్పు చేయలేదు.

అచ్చు వేసే చేతులకు అచ్చయ్యే భాష తెలిసి తీరాలన్న నియమం ఏనాడూ లేదు. తొలి తెలుగు ముద్రిత పుస్తకాలుగా చెప్పుకునేవి 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హల్లే నగరంలో వేయించినవి, తెలుగు పాఠకుడికి వేల మైళ్ల దూరాన. ఇప్పుడు తెలుగు ఇళ్ల గోడలకు వేలాడే క్యాలెండర్లలో ఎన్నో తమిళనాడులోని శివకాశి ఆఫ్‌సెట్ యంత్రాల మీద తయారవుతున్నాయి. ఆ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలానే ఉన్నా వారిలో ఎక్కువమంది చదువుకున్నది తమిళ లిపి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం చిన్న గళ్లలో చిన్న అంకెలతో కిక్కిరిసి ఉండే ఆ క్యాలెండరులో ఒక అంకె తారుమారైతే యంత్రం దగ్గరి మనిషికి తెలిసే మార్గం లేదు, తెలియాలని కోరడం న్యాయమూ కాదు. ఆ మనిషి చూసేది రంగు రంగు మీద సరిగా పడుతోందా, సిరా సమంగా అంటుతోందా అన్నదే, అది అతడు అద్భుతంగా చూస్తాడు. పని ఇచ్చినవారు చదివి పంపాలన్న ఒప్పందం మాట్లాడకుండానే ఉంది.

ఇక్కడ పాత కాలాన్ని మెచ్చుకోవడంలో ఒక ప్రమాదముంది. చదివే ప్రెస్సు చదివి ఊరుకునేదా? ప్రూఫులు చూసే పండితుడు మాండలికంలో రాసిన కథను పాఠ్యపుస్తకపు భాషలోకి దిద్దిన సందర్భాలు లేకపోలేదు. ‘వొచ్చిండు’ అని రాస్తే ‘వచ్చాడు’ అని మార్చి, పాత్ర నోటినుంచి ఊరిని తీసేయడం ఆ మనిషి దృష్టిలో సేవే. ఆ విధంగా చూస్తే ఏమీ చదవని ప్రెస్సు తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలకు ఒకలాంటి స్వేచ్ఛనిచ్చింది, రాసింది రాసినట్టు అచ్చయ్యే హామీ ఇచ్చింది. కాని హామీ తప్పులకూ సమానంగానే వర్తిస్తుంది. రచయిత కావాలని రాసిన మాటకూ, వేలు జారి పడిన మాటకూ తేడా తెలిసిన మనిషి రచయిత ఒక్కరే మిగిలారు, తన రాతలో తన తప్పు కంటికి ఆననిది కూడా రచయితకే. రాసినవారు చదివేటప్పుడు కాగితం మీద ఉన్నదాన్ని కాక, మనసులో ఉన్నదాన్ని చదువుతారు. ప్రూఫు చూడటం వేరే మనిషి పని కావడానికి అదే కారణం. ఆ పనికి ఇచ్చే నాలుగు రూపాయలు పుస్తకం ఖర్చులో మొదట తెగ్గోసే పద్దు కావడానికి మాత్రం సమర్థనీయమైన కారణం దొరకదు.

కాబట్టి పుస్తకం వేయించే వారెవరైనా ఆఖరి ప్రూఫును కాగితం మీద, అసలు సైజులో తీయించుకోవాలి, ఆ పుస్తకాన్ని ఇంతకు ముందు చూడని ఒకరి చేత చదివించాలి, ముఖచిత్రాన్ని ఫోన్లో చూసి ఒప్పుకోకూడదు, కాగితం బరువూ కుట్టు పద్ధతీ రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇవన్నీ చేసినా తప్పు మిగలవచ్చు. మిగిలితే అది ఎక్కడికి చేరుతుందో మాత్రం చట్టం చెబుతోంది: 1954లో వచ్చిన డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం దేశంలో ప్రచురితమైన ప్రతి పుస్తకాన్నీ ప్రచురణ జరిగిన ముప్పై రోజుల లోపు ప్రచురణకర్త తన ఖర్చుతో కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరికొన్ని ప్రజా గ్రంథాలయాలకూ పంపాలి, పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, దానికి తోడు పుస్తకం ధర. జాతీయ గ్రంథాలయానికి పంపే ప్రతి సంపూర్ణంగా, అన్ని పటాలతో, బొమ్మలతో, ఉన్నవాటిలోకెల్లా మంచి కాగితం మీద, మేలైన ప్రతులకు వేసిన రంగులతోనే, కుట్టుతో సహా ఉండాలని ఆ చట్టం వివరంగా కోరుతుంది. అచ్చుతప్పుల గురించి మాత్రం అందులో ఒక్క మాట లేదు.